పావు చుట్టు తక్కువ

స్కేటు ముందు భాగాన ఉండాల్సిన పళ్ల వరసలో అన్నిటికంటే కింది పన్ను లేదు.

బల్ల మీద పాత తువ్వాలు పరిచి, కూతురి స్కేట్లు రెండూ బోర్లించి, గుండీలమ్మ బ్లేడు అంచు వెంట బొటనవేలు మళ్లీ ఒకసారి నడిపింది. ఇరవై ఏళ్లుగా గుండీలు, జిప్పులు, పూసలు అమ్మిన వేలు అది. కళ్లు మూసుకుని తడిమినా ఏది ముత్యపు చిప్ప గుండీయో ఏది ప్లాస్టిక్కో చెప్పేస్తుంది. బజారులో ఆమె అసలు పేరు అందరూ మరిచిపోయింది అందుకే. అలాంటి వేలు పొరబడదు. కుడి స్కేటుకు లేదు. ఎడమదానికీ లేదు. పన్ను ఉండాల్సిన చోట అద్దంలా నున్నగా ఉంది.

"సాన బాగానే పట్టాడు. నేను పక్కనే నిలబడి పట్టించాను," అన్నాడు భర్త.

"సాన సంగతి కాదు. ముందున్న పన్ను ఏమైంది?"

"బ్లేడన్నాక అరుగుతుంది."

"రెండు కాళ్లవీ మాట్లాడుకుని ఒక్కరోజే అరిగాయా?"

ఆయన లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు. ఇరవై అంతస్తుల గోతిలోకి దిగేటప్పుడు తొణకని మనిషి, వంటింటి బల్ల ముందు నిలబడి మెడ తుడుచుకుంటున్నాడు. ముందు యంత్రం పాతదన్నాడు. తర్వాత సాన పట్టేవాడు తొందరలో ఉన్నాడన్నాడు. రెండుసార్లు మాట మార్చినవాడు మూడోసారి నిజం చెబుతాడని ఆమెకు బేరాల్లో అనుభవం. తువ్వాలు మడత సరిచేసుకుంటూ కూర్చుంది.

"ఈ పన్ను రాయికి అడ్డొస్తోంది, తీసెయ్యనా అని అడిగాడు," అన్నాడాయన చివరికి.

"మీరేమన్నారు?"

"తీసెయ్యమన్నాను."

మెకానిక్కుకు అడ్డొచ్చేదల్లా లోపమే. లిఫ్టు గోతిలో రవ్వంత ముల్లు తాడుకు తగిలినా మనుషుల ప్రాణాల మీదికి వస్తుంది. కనిపించిన ముల్లునల్లా అరగదీయడమే ఆయన నేర్చిన విద్య. సాన పట్టినవాడేమో హాకీ ఆటగాళ్ల స్కేట్లు పట్టేవాడు. వాళ్ల స్కేట్లకు పళ్లే ఉండవు. ఇద్దరూ మంచి పనివాళ్లే. ఇద్దరు మంచి పనివాళ్లు కలిసి, పిల్ల ఏ పంటిని మంచులో గుచ్చి గాల్లోకి లేవాలో దాన్నే శుభ్రంగా లేపేశారు.

ఊరికి ఆ చివర ఉన్న హాకీ దుకాణానికి వెళ్లాల్సిన అవసరం ఎందుకొచ్చిందో ఆమె అడగలేదు. అడిగితే తన వాటా కూడా బయటపడుతుంది. తొమ్మిదేళ్లుగా ఆ స్కేట్లకు సాన పట్టింది ఆమె తమ్ముడు. పిల్లకు ఆరో ఏట మంచు మీద నిలబడటం నేర్పిందీ, బొంగరం అని పేరు పెట్టిందీ, ఇవాళ్టి దాకా కోచ్‌గా ఉన్నదీ అతనే. తొమ్మిది రోజుల క్రితం మంచు మీద జారే రింకులో, పది కుటుంబాలు వింటుండగా, భర్త అతన్ని పట్టుకుని, నీకు జడ్జీలతో పడదు, నీ పగ నా పిల్ల మార్కుల్లో తేలుతోంది అన్నాడు. అదే రోజు వేరే క్లబ్బుకు బదిలీ కోసం కాగితం అతని చేతిలో పెట్టాడు. అంతటి మాట అన్నాక, "కాస్త సాన పట్టు బామ్మర్దీ" అని ఏ మొహంతో వెళతాడు?

ఆ కాగితం మీద తల్లి సంతకం కూడా ఉంది. గుండీలమ్మ ఆ రోజు నోరు విప్పలేదు, పెన్ను మాత్రం తీసింది.

ఈ ఉదయం పిల్ల సాధనలో మూడుసార్లు పడింది. తొమ్మిదిన్నరకే ఇంటికొచ్చి, సంచీ గుమ్మంలో పడేసి, గదిలోకి పోయి తలుపేసుకుంది. తండ్రితో ఒక్క ముక్క అన్నదట: "నాకిక గెంతు రాదు నాన్నా."

గుండీలమ్మ గోడ గడియారం చూసింది. పదకొండు. ఇవాళ గురువారం. శనివారం ఉదయం ఎంపిక పోటీ. బదిలీ పత్రం ఇవాళ సాయంత్రం ఐదు లోపల స్కేటింగ్ సంఘం ఆఫీసులో చేరాలి. పాత క్లబ్బు బదిలీ అడిగిన రోజే పేరు కొట్టేసింది. కొత్త క్లబ్బు, పాత కోచ్ సంతకం చేసిన పత్రం వస్తే తప్ప పేరు రాసుకోదు. పత్రం రాకపోతే పిల్ల అటూ కాదు, ఇటూ కాదు. ఏడాది పాటు ఏ పోటీలోనూ నిలబడటానికి లేదు. పదిహేనేళ్ల పిల్లకు ఏడాది అంటే పన్నెండు నెలలు కాదు. ఎముక సాగుతుంది, బరువు చోటు మారుతుంది. ఈ ఏడు వచ్చిన గెంతు మరుసటేడు వస్తుందన్న పూచీ ఏ కోచ్ ఇవ్వడు. బజారులో సరుకు ఒక కాలం ఆగినా మళ్లీ అడిగేవాడు దొరకవచ్చు. మంచు మీద ఆగినవాళ్ల కోసం ఎవరూ ఆగరు.

తమ్ముడు తొమ్మిది రోజులుగా సంతకం పెట్టలేదు, ఫోను ఎత్తలేదు.

"నేను వెళ్లనా?" అన్నాడు భర్త, వెళ్లమంటుందేమోనన్న భయంతో.

"మీరు వెళితే ఉన్న పళ్లు కూడా పోతాయి. కూర్చోండి," అని ఆమె లేచింది.

*

గది తలుపు తీసేసరికి బొంగరం మంచం మీద వెల్లకిలా పడుకుని, కుడి కాలు రెండు దిండ్ల మీద పెట్టుకుని ఉంది. తల్లిని చూడగానే చటుక్కున కాలు దించి, దుప్పటి లాక్కుంది.

గుండీలమ్మ జరిగింది చెప్పింది. నువ్వు పడింది నీ తప్పు వల్ల కాదు, స్కేటు పాడైంది, నాన్న తెలియక చేయించాడు అంది. పోటీకి రెండు రోజుల ముందు ఈ మాట వింటే పిల్ల ఇల్లు పీకి పందిరేస్తుందనుకుంది. ఆ అరుపులకు సిద్ధపడే వచ్చింది.

బొంగరం అరవలేదు. లేచి కూర్చుంది.

"స్కేటేనా? స్కేటు వల్లేనా నేను పడింది?"

"స్కేటు వల్లే."

"నిజంగానా అమ్మా?"

పిల్ల మొహం విప్పారింది. నవ్వబోయి, మోకాళ్ల మీద తలపెట్టుకుని ఏడ్చింది. ఏడుస్తూనే నవ్వింది. నష్టం జరిగిందని చెబితే ఊపిరి పీల్చుకున్నవాడి దగ్గర అంతకంటే పెద్ద నష్టం ఏదో దాగి ఉంటుంది. బజారులో అయితే ఆమె ఈపాటికి మూట విప్పించేది. కానీ ఇది కూతురు, చేతిలో ఉన్నది ఆరు గంటలు. తర్వాత చూద్దామనుకుంది.

ఈ పిల్ల గెంతుకే మూడు పోటీలుగా జడ్జీలు కోత పెడుతున్నారు. గాల్లో మూడు చుట్లు తిరిగి దిగాల్సిన లుట్జ్ గెంతు. పావు చుట్టు తక్కువ అని ప్రతిసారీ రాశారు. ఆ కొత్త క్లబ్బు పిల్లలకు మాత్రం కోతలే ఉండవట. పోయిన నెల ఒక క్రీడా పత్రికలో వచ్చింది: ఇద్దరు పిల్లలు ఆ క్లబ్బుకు మారారు, నిన్నటిదాకా తక్కువగా ఉన్న గెంతులు మారిన వారానికే నిండుకున్నాయి, ఈ మాయ ఏమిటి అని. రాసినవాడు దాన్ని నిందగా రాశాడు. ఆమె భర్త దాన్ని ప్రకటనగా చదివాడు.

"మామయ్య దగ్గరకి వెళ్లొస్తాను. సంతకం, స్కేట్లు రెండూ తేల్చుకుని వస్తా," అంది గుండీలమ్మ.

బొంగరం ఏడుపు ఆగిపోయింది.

"నువ్వొద్దు. నాన్నని పంపు."

"నాన్నకీ ఆయనకీ మాటల్లేవు కదే."

"అందుకే," అని నాలుక కరుచుకుంది పిల్ల. "అంటే, సంతకమే కదా. మాటలెందుకు. నువ్వు వెళితే గంటలు గంటలు మాట్లాడుకుంటారు మీరిద్దరూ."

"మాట్లాడుకుంటే ఏం పోయింది?"

పిల్ల దుప్పటి అంచు వేళ్లకు చుట్టుకుంటూ, విప్పుకుంటూ కూర్చుంది. మామయ్య భుజాలెక్కి పెరిగిన పిల్లకు మామయ్య పేరు చెబితే పెదవులు తెల్లబడ్డాయి.

*

రింకు వెనక మెట్ల కింద ఇరుకు గది. అక్కడే తమ్ముడు స్కేట్లకు సాన పడతాడు. బయట మంచును చదునుచేసే బండి గోడ అదిరేలా తిరుగుతోంది. లోపల రాయి తిరుగుతోంది. అక్క గుమ్మంలోకి రావడం చూసి కూడా అతను యంత్రం ఆపలేదు. ఎవరివో చిన్న స్కేట్లు, బ్లేడును రాయి మీద ఒకే వేగంతో ఇటు నుంచి అటు లాగుతున్నాడు. పన్ను దగ్గరికి రాగానే చెయ్యి దానంతటదే లేస్తోంది.

గుండీలమ్మ నిలబడింది. దారి పొడవునా తూచుకుంటూ వచ్చింది. అడగాల్సినవి రెండున్నప్పుడు రెండూ ఒక్కసారి పరచకూడదు. ఎదుటివాడు ఒకటి ఇచ్చి ఒకటి ఎగ్గొడతాడు. సంతకం ముందడిగితే కోపం లేస్తుంది. స్కేటు ముందు చూపిస్తే జాలి పుడుతుంది. జాలి పుట్టిన చోట సంతకం అడగడం సులువు. తోడబుట్టినవాడి దగ్గర ఈ లెక్కలేమిటని ఒకపక్క సిగ్గేసింది. లెక్క మాత్రం ఆగలేదు.

సంచీలోంచి స్కేటు తీసి, అతని కళ్లకు అందేలా పట్టుకుంది.

యంత్రం ఆగింది. అతను కళ్లద్దాలు నుదుటి మీదికి తోసి, స్కేటు తీసుకుని, వెలుగుకు పట్టి చాలాసేపు చూశాడు.

"ఎవరు?"

"మీ బావ."

"బావ స్వహస్తాలతోనా?"

"చేతులు ఇంకొకడివి. నోరు మాత్రం ఆయనదే."

తమ్ముడి భుజాలు కదిలాయి. నవ్వో నిట్టూర్పో తెలియలేదు. కానీ వెంటనే తలెత్తాడు.

"దీంతో ఇవాళ మంచు ఎక్కిందా?"

"పొద్దున ఎక్కింది. మూడుసార్లు పడిందట."

"ఎటు పడింది? కుడి కాలి మీదా?"

"నేను చూడలేదు."

"లేచి నడిచిందా? కుంటిందా? గుర్తు తెచ్చుకో అక్కా."

"ఇంటికి నడిచే వచ్చింది. కుడో ఎడమో ఏమిట్రా, పన్ను లేదని నేను చెబుతుంటే?"

అతను స్కేటు పక్కన పెట్టి, చేతులు గుడ్డకు తుడుచుకున్నాడు. తుడిచిన చేతులనే మళ్లీ తుడిచాడు. ఆ గది చలికి గుండీలమ్మ వేళ్లు మొద్దుబారుతున్నాయి.  జాలి పుట్టించాలని వచ్చింది. ఇతని కళ్లలో పుట్టింది జాలి కాదు, భయం.

సంతకం మాట ఆమె ఎత్తకముందే అతను సొరుగు లాగి, అట్టల మధ్య పెట్టిన కాగితం తీసి ఇచ్చాడు. బదిలీ పత్రం. అడుగున అతని సంతకం ఉంది. పక్కన తేదీ, తొమ్మిది రోజుల కిందటిది.

"ఆ రోజే పెట్టావా?"

"బావ గేటు దాటకముందే పెట్టాను."

"మరి నీ దగ్గర ఎందుకు పెట్టుకున్నావు? నీ కోపానికి పిల్ల ఏడాది పోయేదిరా."

అతను కాగితం మధ్యలో ఒక గడి మీద వేలు పెట్టాడు. అన్ని గళ్లూ నిండి ఉన్నాయి, ఆ ఒక్కటే ఖాళీ. స్కేటర్ ఆరోగ్యం గురించి పాత కోచ్‌కు తెలిసినది అక్కడ రాయాలి.

గుండీలమ్మ ఆ ఖాళీని చూసింది. దిండ్ల మీది కాలు, చటుక్కున లాక్కున్న దుప్పటి ఆమె కళ్ల ముందుకు వచ్చాయి. అక్కడున్న పెట్టె మీద కూర్చుంది.

"చెప్పు."

అతను చెప్పాడు. ఆరు వారాల కిందట సాధన అయ్యాక పిల్ల బూటు విప్పుకోలేక కూర్చుంది. కుడి కాలు, చీలమండకు జానెడు పైన, ముందు ఎముక మీద నొప్పి. కండరం నొప్పి అయితే కాలంతా లాగుతుంది. ఇది అలా కాదు. ఒక్కచోట, వేలు మోపేంత చోటే. అక్కడ వేలు పెట్టగానే పిల్ల బెంచీ మీంచి లేచిపోయింది. ఎముకలో వెంట్రుకంత చీలిక వస్తే అలా ఉంటుందని అతనికి తెలుసు. తన కాలు పాతికేళ్ల వయసులో విరిగింది అలాంటి చీలిక మీదే. డాక్టరు దగ్గరికి పోదామన్నాడు. ఎంపిక పోటీ అయ్యాక అంది. ఇంట్లో చెబుతానన్నాడు. చెబితే ఇంకెప్పుడూ నీ మొహం చూడనని కాళ్లు పట్టుకుని ఏడ్చింది. గెంతులు తగ్గిస్తానని మాటిచ్చింది. అతను లేనప్పుడు రింకుకు వచ్చి గెంతుతోందని తర్వాత తెలిసింది.

"ఆ పావు చుట్టు?" అంది గుండీలమ్మ.

"నొప్పి ఉన్న కాలిని మంచులో గట్టిగా గుచ్చలేకపోతోంది కదా. గుచ్చకపోతే ఎత్తు రాదు. ఎత్తు రాకపోతే చుట్టు నిండదు. జడ్జీలు ఉన్నది ఉన్నట్టు రాశారక్కా. మూడుసార్లూ."

"మీ బావ పది మందిలో అన్ని మాటలు అంటుంటే ఒక్క ముక్క చెప్పలేకపోయావా?"

"జడ్జీలు నా మీద పగతో కోస్తున్నారన్నాడు. ఆ మాటే నిజమైతే ఎంత బాగుండునా అనుకున్నాను."

బయట మంచు బండి ఆగింది.

గుండీలమ్మకు కోపం వచ్చింది. ఎవరి మీద చూపాలో తెలియక, ఎదురుగా ఉన్నవాడి మీదే చూపింది. సరుకులో బీట ఉందని తెలిసీ మూటకట్టి చేతికిచ్చేవాణ్ని మా బజారులో ఏమంటారో తెలుసా అంది. తెలుసు, అందుకే తొమ్మిది రోజులు చేతికివ్వలేదు అన్నాడు తమ్ముడు. ఆరు వారాలు తల్లికి చెప్పకుండా ఎలా ఉండగలిగావు అంది. దానికి అతను తల దించుకున్నాడు.

"ఇప్పుడు ఏం రాయమంటావు ఇందులో?"

"నిజం రాస్తే సంఘం డాక్టరు చూడకుండా మంచు ఎక్కనివ్వరు. శనివారం పోయినట్టే. కొత్త క్లబ్బువాళ్లు ఆ కాగితం చూసి వద్దన్నా అనొచ్చు."

"రాయకపోతే?"

"రాయకపోతే వెళుతుంది. గెంతుతుంది." అతను ఆగాడు. "అసలు భయం అదీ కాదు. ఇక్కడ పావు చుట్టు తక్కువని రాసేవాళ్లున్నారు. వాళ్లు రాసినప్పుడల్లా, ఎందుకు తక్కువైందని మనం అడగొచ్చు. అక్కడికి పోయిందనుకో, తక్కువైనా నిండుగానే రాస్తారు. బావ సంతోషిస్తాడు, నువ్వు సంతోషిస్తావు. ఎముక విరిగే దాకా ఎవరూ ఏమీ అడగరు."

గుండీలమ్మ జన్మలో తప్పుడు కొలత కొలవలేదు. ఎదుటివాడు కొలత తగ్గిస్తాడేమో అన్న భయం ఒక్కటే ఆమెకు తెలుసు. మన పక్షాన ఎక్కువ తూగే త్రాసుకు కూడా భయపడాలని ఎవరూ నేర్పలేదు.

"నువ్వే రాసి ఇచ్చెయ్యొచ్చు కదరా," అంది చివరికి, చిన్నపిల్లలా.

"తొమ్మిది రోజులుగా రోజూ పెన్ను తీశాను. రాస్తే దాని మొహం చూడలేను. వదిలేస్తే నా మొహం చూసుకోలేను. నువ్వు తల్లివి."

"బరువు నా నెత్తిన పెడుతున్నావు."

"అవునక్కా," అన్నాడు తమ్ముడు. "పెడుతున్నాను."

ఆమె లేచింది. అతను స్కేట్లు మాత్రం వెనక్కి ఇవ్వలేదు. పోయినేటి జత బ్లేడ్లు దాచి ఉంచానని, అవి బూట్లకు బిగిస్తానని, పిల్ల శనివారం ఎక్కినా ఎక్కకపోయినా ఈ పళ్లూడిన జత మాత్రం ఆ ఇంటికి రాకూడదని అన్నాడు. ఆమె గుమ్మం దాటేసరికి మరమేకులు విప్పుతున్న చప్పుడు వినిపించింది.

*

సంఘం ఆఫీసు మూడు బస్టాపుల దూరం. గుండీలమ్మ నడిచింది. నడిస్తే ఆలోచన తెగుతుందనుకుంది; అది కాళ్లతో పాటు నడిచింది. ఒక దుకాణం మెట్టు మీద గంటల తరబడి కూర్చుంది, మళ్లీ లేచింది, వచ్చిన దారినే రెండు సందులు వెనక్కి పోయి మళ్లీ తిరిగింది.

ఫోను మోగింది. భర్త. సంతకం అయిందా అని. అయింది అంది. ఆయన గొంతులో పండగ. మీ తమ్ముడు మంచివాడే, నేనే నోరు జారాను, శనివారం అయ్యాక వెళ్లి కలుస్తానన్నాడు. పిల్లకు ఒకసారి ఫోను ఇమ్మంటే, స్నానానికి వెళ్లిందన్నాడు. కాసేపటికి పిల్లే చేసింది.

"మామయ్య ఏమన్నాడు?"

"సంతకం పెట్టాడు."

"ఇంకేమన్నాడు?"

"ఇంకేమంటాడని?"

అటువైపు నుంచి ఊపిరి మాత్రం వినిపిస్తోంది. తల్లి తెలుసుకుందని పిల్లకు తెలిసింది. పిల్లకు తెలిసిందని తల్లికి తెలిసింది. ఇద్దరిలో ఎవరూ ఆ మాట ఎత్తలేదు. ఫోను ఎవరు ముందు పెట్టేశారో కూడా గుండీలమ్మకు తెలియలేదు.

రాస్తే పిల్లకు ఏడాది పోతుంది, బహుశా ఆటే పోతుంది. రాయకపోతే కాలు పోవచ్చు, పోకనూ పోవచ్చు. డాక్టరు చూడని నొప్పి అది. తమ్ముడి భయమే కావచ్చు. తన కాలు విరిగింది కనుక అందరి కాళ్లూ విరుగుతాయనుకుంటున్నాడేమో. ఇలా ఒక పళ్లెం కిందికి లాగుతుంది. వేలు పెట్టగానే బెంచీ మీంచి లేచిపోయిన పిల్ల రెండో పళ్లేన్ని కిందికి లాగుతుంది. ఎంత తూచినా ముల్లు నిలబడటం లేదు.

ఆఫీసు మొదటి అంతస్తులో. అద్దం కిటికీ వెనక గుమాస్తా, ముందు సిరా దిండు, రబ్బరు ముద్ర. గడియారం ఐదుకు పావు తక్కువ చూపిస్తోంది. గుమాస్తా పత్రం అందుకుని, పెన్ను మొనతో ఒక్కొక్క గడీ తడుముతూ చదివాడు.

"ఈ క్లబ్బుకి ఇవాళ ఇది నాలుగోదమ్మా. గాలంతా అటే వీస్తున్నట్టుంది." పెన్ను మధ్యలో ఆగింది. "ఇది ఖాళీగా వదిలేశారే. ఏమీ లేకపోతే ఒక గీత కొడితే చాలు. నేనే కొట్టేస్తాను లెండి."

పెన్ను మొన కాగితాన్ని తాకింది.

"ఆగండి," అంది గుండీలమ్మ.

కాగితం వెనక్కి తీసుకుంది. రోజూ రసీదులు రాసే చేత్తోనే పెన్ను అందుకుంది. కుడి కాలు, అని రాసింది. అక్కడ ఆగింది.

మెట్ల మీద అడుగుల చప్పుడు. రెండు జతలు. ఒకటి భర్తది, బరువైన బూట్లు. రెండోదానికి ఆమె చెవి ఒగ్గింది. ఒక అడుగు తేలిక, ఒక అడుగు బరువు. ఒకటి తేలిక, ఒకటి బరువు. పద్నాలుగేళ్లుగా ఇంట్లో తిరుగుతున్న అడుగులు. ఆరు వారాలుగా ఇలాగే పడుతున్నాయి కాబోలు. పూసల్లో రంగు తేడా దీపం లేకుండా పట్టే మనిషికి ఇది వినపడలేదు.

బొంగరం గుమ్మంలో నిలబడింది. వెనక తండ్రి, రొప్పుతూ, నవ్వుతూ.

"తన చేత్తోనే ఇవ్వాలని పట్టుబట్టిందోయ్. ఇచ్చేశావా?" అని ముందుకొచ్చి, భార్య భుజం మీదుగా కాగితంలోకి తొంగిచూశాడు. రెండు మాటలూ పైకి చదివాడు. నవ్వు మొహం మీదే ఉండిపోయింది, అర్థం మాత్రం అందులోంచి జారిపోయింది. "కుడి కాలికేమైంది?"

గుమాస్తా గడియారం చూశాడు.

"ఏం లేదు నాన్నా," అంది బొంగరం. చూపు తల్లి చేతి మీదే ఉంది. "అమ్మా, కొట్టెయ్."

గుండీలమ్మ పెన్ను ఎత్తలేదు.

"రాస్తే నేనిక ఇంటికి రాను," అంది పిల్ల. అరవలేదు, ఏడవలేదు. ఆఖరి మాట చెప్పి దుకాణం మెట్లు దిగిపోయే మనిషిలా చెప్పింది. అలా చెప్పిన మనిషి వెనక్కి తిరిగి రావడం గుండీలమ్మ ఇరవై ఏళ్లలో చూడలేదు.

ఆమె మూడో మాట రాసింది. నాలుగోది, ఐదోది, ఆరోది రాసింది. ఎముక నొప్పి, ఆరు వారాలుగా, అని రాసి కాగితం అద్దం కింది నుంచి లోపలికి తోసింది. ముద్ర పడిన చప్పుడు వినిపించింది.

తలెత్తేసరికి గుమ్మం ఖాళీ. పిల్ల మెట్లు దిగిపోతోంది. దిగడం కాదు, దూకడం. తేలిక, బరువు, తేలిక, బరువు. తండ్రి పేరుపెట్టి పిలుస్తున్నాడు. ఎక్కేటప్పుడు లెక్కపెట్టింది, పద్దెనిమిది మెట్లు. గుండీలమ్మ కిటికీ బల్ల అంచు పట్టుకుని ఒక్కొక్కటే వింటోంది.

పదకొండో మెట్టు మీద కుడి కాలి తేలిక అడుగు పడగానే చప్పుడు ఆగిపోయింది.